సర్పంచుల సంఘంలో మన కుర్చీ ఎక్కడ?

(దళిత సర్పంచులు, మాజీ సర్పంచులు, వార్డు మెంబర్ల సదస్సులో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పంచాయతీలకు ఒక సంఘం వుంటే అది ఏం పని చేయాలి, ఎవరి కోసం చేయాలి అనేదాని మీద నన్ను మాట్లాడమన్నారు. నేను లీడర్ని కాదు, బడిపంతుల్ని. మా నాయన పాలేరు. మా అమ్మ నాట్లకీ కోతలకీ పోయి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ పాసయిన మొదటివాణ్ణి నేనే. అందుకని మా వాడలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరకు తెచ్చేవాళ్ళు. అట్లా చదివిన కాగితాల్లో నుంచే ఈ నాలుగు మాటలు చెబుతాను.

2006లో మా పంచాయతీ ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. పెత్తందార్లు వెతికి వెతికి మా చిన్నమ్మను నిలబెట్టారు. ఎందుకు? సంతకం నేర్చుకుంది, ఎదురు మాట్లాడదు. ఉపసర్పంచి వాళ్ళ మనిషి. మొదటి ఏడాది చెక్కుబుక్కు ఆయన ఇంట్లోనే వుంది. మా చిన్నమ్మ కూలి నుంచి వస్తూ ఆయన అరుగు కింద నిలబడి సంతకాలు పెట్టి వచ్చేది. రెండో ఏడాది ఒకరోజు, “అయ్యా, ఇది దేనికి?” అని అడిగింది. అంతే, ఆ రోజు నుంచి ఆమె చెడ్డదయింది.

ఆమె చేసిన నేరం ఏమిటంటే మంచినీళ్ళ పైపు మా వాడ దాకా వేయాలని పంచాయతీలో తీర్మానం పెట్టించింది. నెల తిరక్కుండా ఆమె మీద పిటిషన్ పడింది. నిధులు తినేసిందట. సొంతంగా ఒక్క చెక్కు రాయని మనిషి నిధులు తినేసిందట! విచారణ పేరుతో చెక్ పవర్ ఆపేశారు.

ఆ నెలలోనే సర్పంచుల సంఘం వాళ్ళు మండలాఫీసు ముందు టెంటు వేసి ధర్నా చేశారు. గౌరవ వేతనం పెంచాలనీ, వీధిలైట్ల కరెంటు బిల్లు ప్రభుత్వమే కట్టాలనీ డిమాండ్లు. మా చిన్నమ్మ ఒక పూట కూలి మానుకుని పోయి ఆ టెంటు కింద కూర్చుంది. నినాదాలు ఇచ్చింది. అంతా అయినాక సంఘం నాయకుడి దగ్గరకు పోయి తన సంగతి చెప్పుకుంది. ఆయన మర్యాదగానే విన్నాడు. విని ఒక్క మాట అన్నాడు: “అది మీ వూరి గొడవమ్మా. సంఘం విషయం కాదు.”

ఆ మాట పట్టుకునే ఇవాళ నేను మాట్లాడుతున్నాను. పద్దెనిమిదేళ్ళు దాటినా అది నా చెవుల్లో నుంచి పోలేదు. ఏది సంఘం విషయం? ఏది వూరి గొడవ? ఈ గీత గీసింది ఎవరు?

ముందు న్యాయంగా ఒక సంగతి ఒప్పుకుందాం. పంచాయతీలకు సంఘం కావాలి. చాలా గట్టిగా కావాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 విషయాలు రాశారు. నీళ్ళు, రోడ్లు, బడి, ఆరోగ్యం, చిన్న పరిశ్రమలు అన్నీ అందులో వున్నాయి. అయితే 243జి అధికరణంలో కిటుకు ఎక్కడుందో చూడండి. ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు అని రాశారు. ఇచ్చి తీరాలి అని రాయలేదు. ‘ఇవ్వవచ్చు’ అన్నచోట అడిగేవాడు లేకపోతే ఎవరూ ఇవ్వరు. ఒక్క సర్పంచి పోయి అడిగితే సెక్రటేరియట్ గేటు దగ్గర జవాను కూడా వినడు. వెయ్యిమంది కలిసి అడిగితే మంత్రి కిందికి దిగి వస్తాడు. సంఘం పుట్టేది ఇందుకే.

డబ్బు సంగతీ అంతే. పద్నాలుగో ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 దాకా దేశంలోని గ్రామ పంచాయతీలకు 2,00,292 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. కాగితం మీద చూస్తే కళ్ళు తిరుగుతాయి. మరి ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో పడ్డాక ఏమయింది? 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుంది. ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద సర్కారే ఖాతాల్లో నుంచి లాగేసుకుంది. సర్పంచిని అడగలేదు, తీర్మానం లేదు. పొద్దున చూసుకుంటే ఖాతా ఖాళీ! అప్పుడు పార్టీలతో నిమిత్తం లేకుండా సర్పంచుల సంఘాలు, పంచాయతీరాజ్ ఛాంబర్ రోడ్డెక్కాయి. ఆ పోరాటాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. అది న్యాయమైన పోరాటం.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు అయిపోయి ప్రత్యేక అధికారులు వచ్చి కూర్చున్నారు. చేసిన పనులకు బిల్లులు రాలేదని మాజీ సర్పంచులు రోడ్డు మీదకు వచ్చారు. అప్పు చేసి పనులు చేయించినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ ఆగి ఆలోచించండి. అదే బిల్లు ఆలస్యం అయితే నలభై ఎకరాల సర్పంచికి ఏమవుతుంది? పంట డబ్బులో నుంచి సర్దుకుంటాడు. మన సర్పంచికి? వడ్డీకి తేవాలి. ఎవరి దగ్గర? ఏ పెత్తందారుకు ఎదురు నిలబడి గెలిచాడో ఆ పెత్తందారు దగ్గరే. బిల్లు ఆరు నెలలు ఆగితే మన సర్పంచి మళ్ళీ వాడి జీతగాడు అవుతాడు. అంటే నిధుల కోసం సంఘం చేసే పోరాటంలో అందరికంటే ఎక్కువ అవసరం మనదే. ఆ టెంటు కింద మనం తప్పకుండా వుండాలి.

మరి లోపం ఎక్కడ? సంఘం పైకి చూస్తుంది. పక్కకు చూడదు. రాజధాని వైపు చేయి చాచి అడుగుతుంది. పక్కన నేల మీద కూర్చున్న సాటి సర్పంచి వైపు చేయి చాచదు.

ఇట్లాంటి సంఘం ఇంకోరకంగా వుండగలదా అంటే వుంది. ఒక ఉదాహరణ చెబుతాను. దూరదేశం ముచ్చటే గానీ, వింటే మన వాడ కథలాగే వుంటుంది.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు వుండాల్సిన చోటును చట్టమే గీత గీసి చూపించింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం అందుకే పుట్టింది. తెల్లవాళ్ళ టౌను వేరు, నల్లవాళ్ళ టౌన్‌షిప్ వేరు. నల్లవాడు పని చేసేది తెల్లటౌనులో, సరుకు కొనేది అక్కడి షాపుల్లో. ఆ షాపులు, ఫ్యాక్టరీలు కట్టే పన్ను తెల్లటౌనుకే పోయేది. టౌన్‌షిప్‌కు మాత్రం దుమ్ము, చీకటి. 1982లో నల్లవాళ్ళకు కూడా స్థానిక ప్రభుత్వం ఇస్తున్నామని ఇంకో చట్టం చేశారు. పదవి ఇచ్చారు, ఆదాయం ఇవ్వలేదు. మనకు తెలిసిన కథే కదా! జనం ఆ మోసాన్ని ఒప్పుకోలేదు. 1986లో సోవెటోలో అద్దెలు కట్టం అని తిరగబడ్డారు. వూరంతటికీ ఒకటే ఖజానా వుండాలి అన్నారు. వూళ్ళో పన్ను వాడలో ఖర్చు కావాలని అడిగితే ఎట్లా వుంటుందో, అది అంతే.

వర్ణవివక్ష ప్రభుత్వం కూలిపోయాక 1996లో వాళ్ళు కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అందులో 163వ సెక్షన్ చాలా విశేషమైనది. మునిసిపాలిటీలను గుర్తించి వూరుకోలేదు. మునిసిపాలిటీల సంఘాన్ని కూడా రాజ్యాంగమే గుర్తించింది. దాని ప్రకారం 1997లో చట్టం వచ్చింది. ఆ సంఘం పేరు సౌత్ ఆఫ్రికన్ లోకల్ గవర్నమెంట్ అసోసియేషన్. పొట్టిగా సాల్గా అంటారు. 2016 నుంచి అక్కడ వున్నవి 257 మునిసిపాలిటీలు.

గుర్తింపు వల్ల ఏమొచ్చింది? వాళ్ళ పార్లమెంటులో రెండో సభ వుంది. ఆ సభలో సాల్గా ప్రతినిధులు పదిమంది దాకా కూర్చుని మాట్లాడవచ్చు. ఓటు లేదు, మాట వుంది. స్థానిక సంస్థల అధికారాలను మార్చే చట్టం ఏది తేవాలన్నా ముందు ముసాయిదా బయటపెట్టి ఈ సంఘం అభిప్రాయం చెప్పే వీలు ఇవ్వాలని రాజ్యాంగంలోనే వుంది. బడ్జెట్ వాటాల గురించి ఆర్థికమంత్రి జరిపే సమావేశంలో సంఘం ప్రతినిధులు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. అది దయ కింద రాదు, చట్టం ప్రకారం వస్తుంది. మునిసిపల్ కార్మికుల యూనియన్లతో జీతాల ఒప్పందం దేశం మొత్తానికీ యజమాని తరఫున సాల్గాయే మాట్లాడుతుంది. కొత్తగా గెలిచిన కౌన్సిలర్లకు శిక్షణ ఇస్తుంది. బడ్జెట్ ఎట్లా చదవాలో, తీర్మానం ఎట్లా రాయాలో నేర్పుతుంది. దాని ఖర్చుకు ముఖ్యమైన ఆధారం సభ్య మునిసిపాలిటీలు కట్టే చందా. లీడర్ జేబు ఖర్చుతో నడిచే సంఘం లీడర్‌దే అవుతుంది. సభ్యుల చందాతో నడిచే సంఘాన్ని సభ్యులు లెక్క అడగవచ్చు.

అక్కడ అంతా స్వర్గం అని నేను చెప్పడం లేదు. అక్కడి మునిసిపాలిటీలు ఎస్కామ్ అనే కరెంటు కంపెనీకి వేల కోట్ల రాండ్లు బాకీ పడ్డాయి. కరెంటు బాకీ మన పంచాయతీల జబ్బే కాదు, అక్కడి జబ్బు కూడా. తేడా ఒకటి వుంది. వూళ్ళలో కరెంటు పంపిణీ అనేది రాజ్యాంగం మునిసిపాలిటీలకు ఇచ్చిన పని, ముందు ఆ లెక్క తేల్చండి అని సాల్గా వాదిస్తుంది. క్వాజులు-నటాల్ రాష్ట్రంలో కౌన్సిలర్లను చంపడం కూడా వుంది. ఆ హత్యల మీద 2016లో విచారణ కమిషన్ వేస్తే 2018లో రిపోర్టు వచ్చింది. కౌన్సిలర్లకు రక్షణ కావాలనీ, ఇల్లు తగలబడితే నష్టం పూడ్చే బీమా కావాలనీ సంఘం అడుగుతూ వచ్చింది. గమనించండి. ఒక కౌన్సిలర్ ఇంటిమీద రాయి పడితే అది ఆ వార్డు గొడవ అని వదిలేయలేదు. సంఘం విషయం చేసుకుంది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. తమిళనాడులో మదురై దగ్గర మేలవళవు పంచాయతీ 1996లో దళితులకు రిజర్వు అయింది. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌నూ, ఆయనతోపాటు మరికొందరినీ 1997 జూన్ 30న బస్సు ఆపి నరికి చంపారు. అదే ప్రాంతంలో పాప్పాపట్టి, కీరిపట్టి లాంటి పంచాయతీలు కూడా రిజర్వు అయ్యాయి. అక్కడ నామినేషన్ వేయనివ్వలేదు. వేసినా గెలిచిన వెంటనే రాజీనామా చేయించారు. పదేళ్ళు అట్లా నడిచింది. 2006లో గానీ సరిగా ఎన్నిక జరగలేదు. దళిత సంస్థలూ వామపక్షాలూ ఏళ్ళ తరబడి పోరాడితే అది సాధ్యమయింది. 2020లో కడలూరు జిల్లాలో తెర్కు తిట్టై అనే వూళ్ళో దళిత మహిళా అధ్యక్షురాలిని మీటింగులో నేల మీద కూర్చోబెట్టిన ఫోటో దేశమంతా చూసింది. పక్కన మిగతావాళ్ళు కుర్చీల్లో వున్నారు.

ఇవన్నీ వూరి గొడవలేనా? ఒక పంచాయతీ ప్రథమ పౌరుడికి ఆ పంచాయతీ ఆఫీసులోనే కుర్చీ లేకపోతే, దేశంలోని పంచాయతీలన్నింటికీ అది అవమానం కాదా?

అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా పెడుతూ గ్రామం గురించి కఠినంగా మాట్లాడారు. గ్రామాన్ని పొగిడేవాళ్ళకు కోపాలొచ్చాయి. గ్రామాన్ని పక్కన పెట్టి వ్యక్తిని పునాదిగా తీసుకున్నందుకు తనకు సంతోషం అన్నారాయన. ఆ మాట లోతు మన సర్పంచుల సంఘంలో తెలుస్తుంది. సంఘం పంచాయతీని సభ్యుడిగా చూస్తుంది. ఆ పంచాయతీలో కూర్చున్న మనిషిని చూడదు. పంచాయతీకి నిధులు రాకపోతే సంఘానికి నొప్పి పుడుతుంది. పంచాయతీలో ఒక మాదిగ అక్కకు, ఒక మాల అన్నకు కుర్చీ లేకపోతే నొప్పి పుట్టదు. ఎందుకంటే ఆ కుర్చీ లాగినవాడు నాయకుడికి బంధువు. లేదా పార్టీలో తోటివాడు. లేదా ఇద్దరూ ఒకే కులం.

తెలంగాణ 2018 చట్టం సంగతి చూడండి. సర్పంచితో పాటు ఉపసర్పంచికి కూడా చెక్కు మీద సంతకం హక్కు ఇచ్చారు. 2019లో సర్పంచుల సంఘాలు దీన్ని వ్యతిరేకించాయి. మా అధికారం తగ్గించారన్నాయి. నిజమే. అయితే ఎవరి అధికారం ఎక్కువ తగ్గింది? సర్పంచి పదవికి రిజర్వేషన్ వుంది, ఉపసర్పంచికి లేదు. సర్పంచి దళితుడైన చోట ఉపసర్పంచి ఎవరో మీకు నేను చెప్పాలా? అగ్రకుల సర్పంచికి ఇంకో సంతకం చికాకు. మన సర్పంచికి అది గొంతుమీద చేయి. సంఘం ఈ వాదన ముందు పెట్టి వుంటే దాని పోరాటానికి నైతిక బలం వచ్చేది. నాకు మాత్రం ఆ వాదన వినపడలేదు. వినిపించాల్సిన మనం ఆ వేదిక మీద లేము.

ఎందుకు లేము? ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. మా చిన్నమ్మ గెలిచిన కొత్తలో సంఘం సభ్యత్వ రసీదు పుస్తకం వచ్చింది. ఐదొందలు కట్టమన్నారు. ఆమె కడదామంది. నేనే వద్దన్నాను. “అది వాళ్ళ సంఘం చిన్నమ్మా, మనకెందుకు” అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, నా మాట విన్నది. రెండేళ్ళ తర్వాత ఆమె టెంటు కిందకి పోతే ఆ నాయకుడు వూరి గొడవ అన్నాడు. నేను ఆయన్ని తిట్టాను. తర్వాత ఆలోచిస్తే ఆయన అన్నదీ నేను అన్నదీ ఒకటే మాట. ఆయన మనల్ని బయట పెట్టాడు. నేను మనల్ని బయటే వుండమన్నాను.

మన సంఘం మనం వేరుగా పెట్టుకుందాం అనే తమ్ముళ్ళు వున్నారు. పెట్టుకుందాం. దళిత ప్రజాప్రతినిధుల వేదిక తప్పకుండా వుండాలి. మన మాట మనలో తేల్చుకోవడానికి చోటు కావాలి. కానీ దాన్ని చూపించి పెద్ద సంఘాన్ని వాళ్ళకు రాసివ్వొద్దు. ప్రభుత్వం పిలిచేది పెద్ద సంఘాన్నే. రేపు చట్టం చేస్తే గుర్తించేది దాన్నే. అది పంచాయతీల సంఘం అయితే మన పంచాయతీ కూడా అందులో సభ్యుడే. మన వాటా వదులుకోవడం దేనికి?

అందుకని నాలుగు పనులు చెబుతాను. రాసుకోండి.

ఒకటి. సభ్యత్వం కట్టండి, రసీదు తీసుకోండి. ఏడాదికోసారి సంఘం జమాఖర్చు చదవమని అడగండి. అడిగే హక్కు రసీదుతో వస్తుంది.

రెండు. సంఘం కార్యవర్గంలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు పదవులు కావాలని పట్టుబట్టండి. ఉపాధ్యక్ష పదవి ఇచ్చి దండ వేస్తే మోసపోవద్దు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి వంతుల ప్రకారం మారాలి. రాజ్యాంగం 243డి అధికరణంలో పంచాయతీ కుర్చీకి రిజర్వేషన్ పెట్టింది. ఆ పంచాయతీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘానికి అది వర్తించదనడం ఏం న్యాయం?

మూడు. ఎక్కడైనా దళిత సర్పంచికి కుర్చీ ఇవ్వకపోయినా, చెక్కుబుక్కు లాక్కున్నా, జెండా ఎగరేయనివ్వకపోయినా, సంఘం మనుషులు మర్నాటికల్లా ఆ వూళ్ళో వుండాలి. ఇందుకు చట్టం కూడా మన చేతిలో వుంది. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో వుంది. దాని మూడో సెక్షన్ ఒకటో సబ్‌సెక్షన్ (ఎం) క్లాజు ప్రకారం, ఎస్సీ ఎస్టీ సర్పంచినో మెంబరునో తన విధి చేయనివ్వకుండా అడ్డుకోవడం, బెదిరించడం నేరం. ఈ క్లాజు ఎందరికి తెలుసు? చేతులెత్తండి. చూశారా! ఒంటరి సర్పంచి పోలీసు స్టేషన్‌కు పోతే రాజీ పడమంటారు. సంఘం అధ్యక్షుడు పక్కన నిలబడి ఈ క్లాజు చదివితే ఎస్సై కాగితం తీసుకుంటాడు.

నాలుగు. పంచాయతీ డబ్బును, అధికారాన్ని తాకే ఏ జీవో అయినా వచ్చే ముందు పంచాయతీల సంఘాన్ని సంప్రదించాలని రాష్ట్రం చట్టం చేయాలి. దక్షిణాఫ్రికా వాళ్ళు రాజ్యాంగంలో రాసుకున్నది మనం కనీసం పంచాయతీరాజ్ చట్టంలో రాయించుకోలేమా? ఈ డిమాండ్‌తో పోయే మొదటి ధర్నాలో మనమే ముందు నిలబడదాం. అయితే ఆ సంప్రదింపులకు పోయే బృందంలో మనవాళ్ళు వుంటారని ముందే తేల్చుకుని నిలబడదాం.

చివరికి మా చిన్నమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. విచారణలో ఏమీ తేలలేదు. తొమ్మిది నెలల తర్వాత చెక్ పవర్ తిరిగి ఇచ్చారు. ఈ లోపల వేసవి వచ్చి పోయింది. పైపు పని ఆగిపోయింది. ఆ వేసవంతా మా వాడ ఆడవాళ్ళు చెరువు నీళ్ళే మోశారు. తర్వాత ఏడాది పైపు వచ్చింది. మా ఇంటి ముందు కుళాయి ఇప్పటికీ వుంది. ఆమెకిప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఈ మీటింగుకు రాలేకపోయింది. పొద్దున బయల్దేరుతుంటే అడిగింది, “ఏంరా, ఆ సంఘమోళ్ళు కూడా వస్తున్నారా?” అని. పిలిచామని చెప్పాను. “వస్తే ఆ తొమ్మిది నెలల నీళ్ళ సంగతి అడుగు” అంది.

సంఘం నాయకులు ఇద్దరు ఇక్కడే కూర్చున్నారు. వచ్చినందుకు దండాలు. అయ్యా, మా చిన్నమ్మ అడగమన్నది అడిగేశాను. తొమ్మిది నెలలు మా వాడ చెరువు నీళ్ళు తాగడం వూరి గొడవా, సంఘం విషయమా? ఇప్పుడే ఈ మైకులో చెప్పి వెళ్ళండి.

జై భీమ్.